జిగురు సీసా తెరవకుండా ఊలు బొమ్మ: పిల్లలతో చేయించడానికి సమగ్ర మార్గదర్శి

ఊలుతో బొమ్మ అనగానే మనకు మొదట గుర్తొచ్చేది తెల్ల జిగురు. గీత వెంట జిగురు పిండాలి, దాని మీద ఊలు పరచాలి. నేనూ మా పిల్లలతో అలాగే మొదలుపెట్టాను. పది నిమిషాలు తిరక్కుండానే ఊలు అట్టను వదిలేసి మా చిన్నదాని వేళ్లకు అంటుకుంది. వేలు తీస్తే పోగు లేచొచ్చేది, దాన్ని సర్దబోతే పక్క పోగు కదిలేది. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. బొమ్మ సగంలో ఆగిపోయింది, బల్ల తుడవడానికి మాత్రం అరగంట పట్టింది.

తడి జిగురు ఆరేదాకా పట్టు ఇవ్వదు. ఊలేమో దాన్ని పీల్చుకుని బరువెక్కి జారుతుంది. ఆరేదాకా కదపకుండా ఉంచమంటే నాలుగేళ్ల పిల్లకు సాధ్యమయ్యే పని కాదు. అందుకే మా ఇంట్లో పద్ధతి మార్చాం. ముందే జిగురు పూసి ఉన్న పొడి టేప్ మీద ఊలును నొక్కడం. పెట్టిన క్షణమే పట్టుకుంటుంది, నచ్చకపోతే తీసి మళ్లీ పెట్టుకోవచ్చు, ఆరబెట్టే పని లేదు.

ఈ నొక్కే పద్ధతి కొత్తదేం కాదు. మెక్సికో పడమటి కొండల్లో ఉండే విరారికా ప్రజలు (బయటివాళ్లు వీళ్లను హుయిచోల్ అంటారు) చెక్క పలక మీద తేనెమైనం, పైన్ చెట్టు బంక కలిపి పూసి, అది మెత్తబడ్డాక ఊలు పోగులను ఒక్కొక్కటిగా వేలితో అదుముతూ చిత్రాలు చేస్తారు. హోసే బెనితేస్ సాంచెస్ అనే కళాకారుడు 1980లో చేసిన పెద్ద ఊలు చిత్రం మెక్సికో నగరంలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో ఉంది. మనం మైనం బదులు టేప్ వాడుతున్నాం, అంతే తేడా. పిల్లలకు ఈ సంగతి చెప్పి మొదలుపెట్టండి. తాము చేస్తున్నది ఏదో కాలక్షేపం కాదని వాళ్లకు తెలిస్తే కూర్చునే తీరే మారుతుంది.

కావలసినవి

రెండువైపులా అంటుకునే పల్చటి టేప్, వీలైతే 4 నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పుది. స్పాంజిలా మందంగా ఉండేది వద్దు, దాని అంచులు బయటికి కనిపిస్తాయి, కత్తిరిస్తే కత్తెరకు అంటుకుంటుంది. గట్టి అట్ట ఒకటి, పాత డబ్బా నుంచి కోసిందైనా సరే. పెన్సిల్, కత్తెర, మాస్కింగ్ టేప్. ఇక ఊలు.

ఊలు దగ్గర కొంచెం ఆలోచించాలి. అంగడిలో ఊలు అని అమ్మేదంతా గొర్రె ఊలు కాదు, చాలావరకు యాక్రిలిక్. ఈ పనికి అదే మంచిది కూడా. బాగా నూగు ఉన్న ఊలు టేప్‌కు తన నూగును వదిలేస్తుంది. ఒకసారి పెట్టి తీస్తే చాలు, టేప్ మీద సన్నటి వెంట్రుకల పొర మిగిలి అక్కడ జిగురు చచ్చిపోతుంది. పిల్లలు పెట్టి తీసి, పెట్టి తీసి చేస్తారు కాబట్టి నున్నగా, గట్టిగా పురి ఉన్న ఊలు తీసుకోండి. మందం సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటే చిన్న వేళ్లకు పట్టు దొరుకుతుంది. మరీ సన్నదైతే నింపేసరికి పిల్లలకు విసుగొస్తుంది, మరీ లావుదైతే మూలల దగ్గర వంగదు.

ఎంత ఊలు కావాలో ముందే లెక్క కట్టవచ్చు. 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చోటును 3 మిల్లీమీటర్ల ఊలుతో నింపాలంటే పక్కపక్కనే దాదాపు 33 వరసలు పడతాయి. ఒక్కో వరస 10 సెంటీమీటర్లు, అంటే 3.3 మీటర్లు. కత్తిరింపుల్లో పోయేది కలుపుకుని 4 మీటర్లు అనుకోండి. ఇంట్లో మిగిలిపోయిన చిన్న చిన్న ఉండలు సరిపోతాయో లేదో దీంతో తెలిసిపోతుంది.

ముందురోజే చేసుకోవలసిన పని: ఊలు కోసి పెట్టడం

ఈ మొత్తం వ్యవహారంలో నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది ఇదే. ఊలు ఉండను నేరుగా పిల్లల చేతికి ఇస్తే అది బల్ల కిందికి దొర్లుతుంది, కుర్చీ కాళ్లకు చుట్టుకుంటుంది, రెండో ఉండతో చిక్కు పడుతుంది. ఆ చిక్కు విప్పడంలోనే మన ఓపిక, వాళ్ల ఉత్సాహం రెండూ అయిపోతాయి. గందరగోళంలో సగం జిగురు వల్ల వస్తే, మిగతా సగం ఈ చిక్కుల వల్లే.

15 సెంటీమీటర్ల వెడల్పున్న పుస్తకం ఒకటి తీసుకోండి. దాని చుట్టూ ఊలును వదులుగా ఓ ఇరవై చుట్లు చుట్టండి. ఒక అంచు వెంట కత్తిరిస్తే 30 సెంటీమీటర్ల ముక్కలు ఇరవై వస్తాయి. రెండు అంచుల వెంటా కత్తిరిస్తే 15 సెంటీమీటర్లవి నలభై. ఒక్కో ముక్కా కొలిచి కోసే బాధ ఉండదు. చుట్టేటప్పుడు లాగి బిగించకండి. సాగిన ఊలు కత్తిరించగానే ముడుచుకుపోయి పొట్టిదవుతుంది.

మూడు నాలుగేళ్ల పిల్లలకు 10 నుంచి 15 సెంటీమీటర్ల ముక్కలు చాలు. ఆరేళ్లు దాటినవాళ్లకు 30 సెంటీమీటర్లవి ఇవ్వవచ్చు. అంతకన్నా పొడవు ఇవ్వకపోవడం సౌకర్యం కోసమే కాదు, భద్రత కోసం కూడా. పొడవాటి దారం ఆటలో మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

ముక్కలను రంగుల వారీగా గుడ్ల అట్ట పళ్లెంలోనో, చిన్న గిన్నెల్లోనో సర్దండి. ఒక్కో గుంటలో ఒక్కో రంగు. పిల్లలు పళ్లెం చూడగానే రంగులు ఎంచుకోవడం మొదలుపెడతారు, ఆ ఎంపిక వాళ్లకే వదిలేయండి. పసుపు పక్కన గులాబీ బాగుండదేమో అని మనకు అనిపించినా సరే.

ఏ రంగైనా పొడవుగానే కావాల్సి వస్తే, ఆ ఉండను మూత ఉన్న డబ్బాలో వేసి, మూతకు చిన్న రంధ్రం చేసి కొసను బయటికి లాగండి. ఉండ లోపలే తిరుగుతుంది. రంధ్రం అంచు గరుకుగా ఉంటే పోగు చిట్లుతుంది, మాస్కింగ్ టేప్ ముక్క అంటించండి.

అట్ట సిద్ధం చేయడం

ఉదాహరణకు చేప బొమ్మ తీసుకుందాం. గుండ్రటి ఒళ్లు, తోక, కన్ను ఉంటాయి కాబట్టి ఊలుతో చేయగలిగే పద్ధతులన్నీ ఇందులో వచ్చేస్తాయి.

చాలామంది చదరపు అట్ట మీద బొమ్మ గీసి లోపల నింపుతారు. నా సలహా, అట్టనే చేప ఆకారంలో కత్తిరించేయండి. ఎందుకంటే చదరపు అట్ట నిండా టేప్ వేస్తే బొమ్మ చుట్టూ మిగిలిన ఖాళీ జిగురు దుమ్ము పట్టి నల్లబడుతుంది. లేదా పిల్లలు ఆ ఖాళీ కూడా నింపాలని కూర్చుని అలసిపోతారు. చేప ముక్కు నుంచి తోక కొస దాకా 16 సెంటీమీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండేలా గీయండి. మలుపులు విశాలంగా ఉండాలి. సన్నటి రెక్కలు, వాడి మూలలు పెట్టకండి, అక్కడ ఊలు నిలవదు. గట్టి అట్టను కోయడం పెద్దవాళ్ల పని.

ఇప్పుడు టేప్. చేపకు అడ్డంగా, అంటే వీపు నుంచి పొట్ట దాకా, పట్టీలు పక్కపక్కనే అంటించండి. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, మధ్యలో సందు ఉండకూడదు. 4 సెంటీమీటర్ల టేప్ అయితే నాలుగు పట్టీలతో చేప మొత్తం కప్పుకుపోతుంది: తోక, నడుము, పొట్ట, తల. ఒక కొస నుంచి రెండో కొసకు బొటనవేలితో రుద్దుకుంటూ వెళ్తే గాలి బుడగలు రావు. అంచు దాటిన టేప్‌ను అట్ట వెంట కత్తిరించండి. పై కాగితం మాత్రం ఇప్పుడే తీయకండి.

ఆ పై కాగితమే మనకు పెద్ద సాయం. దాన్ని ఒక పట్టీకి మాత్రమే తీస్తే పిల్ల ముందు ఒక చిన్న భాగమే జిగురుగా ఉంటుంది. మోచెయ్యి ఆనినా అంటుకోదు. మధ్యలో ఆట గుర్తొచ్చి లేచిపోయినా మిగతా పట్టీలు రేపటి దాకా, వచ్చే వారం దాకా అలాగే ఉంటాయి. ఒకే రోజు పూర్తి కావాలనే టెన్షన్ ఎవరికీ ఉండదు.

కాగితం మూల గోరుకు దొరక్కపోతే, మామూలు టేప్ ముక్క ఒకటి ఆ మూల మీద అంటించి పైకి లాగండి. దాంతోపాటే లేచొస్తుంది. తీసిన కాగితాలు పారేయకండి, వాటితో ఇంకా పని ఉంది.

ఊలు పరచడం

పని మొదలుపెట్టే ముందు చేతులు కడిగి పూర్తిగా తుడవాలి. నూనె, క్రీమ్, తడి, ఈ మూడూ టేప్ జిగురుకు శత్రువులు. తల మీద తిరిగే ఫ్యాన్ ఆపేయండి, చిన్న ముక్కలు ఎగిరిపోతాయి. అట్ట జరగకుండా కింద మాస్కింగ్ టేప్‌ను చుట్టలా మడిచి బల్లకు అంటించండి. పెద్ద పిల్లలకు ఇది అక్కర్లేదు, వాళ్లు అట్టను తిప్పుకుంటూ చేయాలి.

నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు చారల పద్ధతి చెప్పండి. తోక పట్టీ కాగితం తీయండి. ముక్కను రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని పై నుంచి కిందికి పరచమనండి. మొదట ఒక కొసను అంటించాలి, తర్వాత మధ్యలో వేలితో నొక్కుతూ కిందికి రావాలి. రెండో ముక్క మొదటిదానికి ఆనుకుని రావాలి. అంచు దాటి వేలాడే కొసలను అప్పుడే కత్తిరించనివ్వకండి. పట్టీ మొత్తం నిండాక, అట్టను తిరగేసి దాని అంచు వెంట ఒకేసారి కత్తిరిస్తే శుభ్రంగా వస్తుంది. పిల్లలకు బాగా నచ్చే ఘట్టం ఇదే, పిల్లల కత్తెర ఇచ్చి వాళ్లతోనే చేయించండి.

ఇక్కడ ఒక విషయం తప్పకుండా చెప్పాలి. ఊలును లాగి బిగించి అంటించకూడదు. లాగితే తిన్నగా, అందంగా కనిపిస్తుంది, అందుకే పిల్లలు లాగుతారు. కానీ ఊలుకు సాగే గుణం ఉంది. చేయి తీయగానే వెనక్కి ముడుచుకోవడం మొదలుపెడుతుంది, కాసేపటికి కొసలు పైకి లేస్తాయి. 'ఊలును పడుకోబెట్టు, లాగకు' అని చెబితే పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఏడేళ్లు దాటినవాళ్లకు అంచు వెంట వెళ్లే పద్ధతి ఇంకా బాగుంటుంది. ముందు చేప చుట్టూ ఒక వరస, దాని లోపల ఇంకో వరస, అలా లోపలికి. దీనికి అన్ని పట్టీల కాగితమూ తీయాలి కాబట్టి, చేయి ఆనే చోట తీసిన కాగితాన్నే మళ్లీ వదులుగా కప్పి ఉంచండి, అవసరమైనంత మేర జరుపుకుంటూ పోండి. ముక్క అయిపోయిన చోట కొత్త ముక్క కొస సరిగ్గా దానికి తాకేలా పెట్టాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే అక్కడ గడ్డలా కనిపిస్తుంది. మూల వచ్చినప్పుడు ఊలును వేలిగోరుతో అదిమి పట్టుకుని, అప్పుడు దిశ మార్చాలి. తోక చీలిక దగ్గర ఈ గోటి పని బాగా అవసరం. చివరికి మధ్యలో సన్నటి సందు మిగులుతుంది. అందులో అరసెంటీమీటరు తుంపులు నింపేస్తే సరి.

కన్ను విడిగా చేసి చివర అంటించడం మేలు. 3 సెంటీమీటర్ల గుండ్రటి అట్ట ముక్కకు టేప్ వేయండి. ఊలు కొసను నడిమధ్యలో వేలితో నొక్కి పట్టుకుని చుట్టూ నత్తగుల్లలా తిప్పాలి. చేయి తిప్పితే ఊలు మెలిపడుతుంది. చేయి కదపకుండా అట్టనే తిప్పమనండి, చుట్టలు వాటంతట అవే ఒకదానికొకటి ఆనుకుంటాయి. 30 సెంటీమీటర్ల ముక్క ఒక్కటి దీనికి సరిపోతుంది. మొదట ఒకటి రెండు చుట్లు నల్లగా, మిగతాది తెల్లగా కావాలంటే రెండు ముక్కలు.

ఒక పట్టీ నిండిన ప్రతిసారీ, తీసి ఉంచిన కాగితాన్ని నున్నటి వైపు కిందికి పెట్టి, దాని మీద అరచేత్తో గట్టిగా అదమండి. సీసా దొర్లించినా సరే. ఇది దాటవేయకండి. ఊలు గుండ్రంగా ఉంటుంది, మామూలుగా పెడితే టేప్‌కు సన్నటి గీత మేరకే తాకుతుంది. అదిమినప్పుడే అది కొంచెం చదునై, ఎక్కువ మేర అంటుకుంటుంది. నున్నటి వైపు జిగురుకు అంటదు కాబట్టి అదిమాక కాగితం హాయిగా లేచొస్తుంది.

మూడేళ్ల చుట్టుపక్కల వాళ్లకు

వాళ్లకు గీత వెంట పరచడం ఇంకా చేతకాదు, చేయించాలని చూడకండి. పుస్తకాలకు అట్టలేసే, వెనక జిగురు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ షీట్ తీసుకోండి. జిగురు వైపు పైకి ఉండేలా బల్ల మీద పరచి, నాలుగు అంచులూ మాస్కింగ్ టేప్‌తో బిగించండి. అలా బిగించకపోతే చుట్టుకుపోతుంది. దాని కింద ముందుగానే ఏదైనా పెద్ద బొమ్మ గీసిన కాగితం పెడితే పైకి కనిపిస్తూ ఉంటుంది. పిల్లలు ఆ బొమ్మను పట్టించుకోకుండా ఇష్టమొచ్చినట్టు ముక్కలు వేసినా బాగానే ఉంటుంది.

ఈ షీట్ జిగురు టేప్ అంత బలమైనది కాదు. అందుకని చుట్టూ రెండు సెంటీమీటర్ల అంచు ఖాళీగా వదిలించి, అయిపోయాక పైన ఇంకో షీట్ అంటించండి. రెండు షీట్ల జిగురు అంచుల దగ్గర కలిసి ఊలు మధ్యలో భద్రంగా ఉండిపోతుంది. కిటికీకి కడితే వెలుతురులో పోగు పోగూ కనిపిస్తుంది.

మూడేళ్లలోపు పిల్లలు దేన్నైనా నోట్లో పెట్టుకుంటారు, వాళ్ల పక్కన పెద్దవాళ్లు కూర్చోవాల్సిందే. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే పని అయ్యాక నేల మీది పోగులన్నీ ఏరేయండి. సన్నటి పోగు పసివేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోయేంతగా బిగుసుకోగలదు. పిల్లి ఉన్న ఇంట్లో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. పిల్లి మింగిన దారం పేగుల్లో చిక్కుకుంటే ప్రాణాపాయం. మాస్కింగ్ టేప్‌ను జిగురు వైపు బయటికి ఉండేలా చేతికి చుట్టుకుని నేల మీద, బట్టల మీద అద్దితే తుంపులన్నీ అంటుకొచ్చేస్తాయి.

ఊలు నిలవకపోతే

ఒక్క చోటే లేస్తుంటే అక్కడ టేప్ మీద నూగు చేరినట్టు. ఊలు తీసేసి, పాత టేప్ మీదే చిన్న కొత్త టేప్ ముక్క వేయండి. అంతటా లేస్తుంటే అట్ట మీదే అనుమానం పెట్టుకోండి. మెరుపు పూత ఉన్నా, దుమ్ము ఉన్నా టేపే అట్టను వదిలేస్తుంది. కొసలు మాత్రమే లేస్తుంటే ఊలును లాగి అంటించి ఉంటారు. ఆ ముక్క తీసి వదులుగా మళ్లీ పరచడమే మార్గం. కొసల్లో పోగులు విడిపోతుంటే అంటించే ముందు రెండు వేళ్ల మధ్య పురి తిరిగిన వైపుకే ఒకసారి మెలిపెట్టమనండి.

పెద్ద పిల్లలకు: టేప్ కూడా దాదాపు అక్కర్లేని పళ్ల చక్రం

తొమ్మిది పదేళ్ల వాళ్లకు చేప చిన్నపిల్లల పనిలా అనిపించవచ్చు. వాళ్లకు ఇది ఇచ్చి చూడండి. 15 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా గట్టి అట్ట కోయండి. గడియారంలో అంకెలు ఉండే 12 చోట్లా గుర్తులు, ప్రతి రెండు గుర్తుల నడుమ ఇంకొకటి, మొత్తం 24. ప్రతి గుర్తు దగ్గర ముప్పావు సెంటీమీటరు లోతు గాటు పెడితే చుట్టూ 24 పళ్లు వస్తాయి. వాటికి వెనక వైపు వరసగా అంకెలు వేయండి.

ఊలు కొసను వెనక టేప్‌తో అంటించి, 1వ పన్ను వెనక నుంచి చుట్టి ముందుకు తెచ్చి, అట్ట మీదుగా 8వ పంటికి తీసుకెళ్లాలి. దాన్ని వెనక నుంచి చుట్టి 15, తర్వాత 22. అంటే ప్రతిసారీ 7 కలపాలి, 24 దాటితే 24 తీసేయాలి. 22 తర్వాత 29, అంటే 5వ పన్ను. ఇలా వెళ్తే ఒక్క పన్ను కూడా మిగలకుండా అన్నీ తిరిగి, చివరికి 1 దగ్గరికే చేరతాం. నడుమ గుండ్రటి కిటికీలా ఖాళీ వస్తుంది. 7 బదులు 11 కలిపితే ఆ కిటికీ రెండు సెంటీమీటర్లకు కుదించుకుపోయి చక్రం దట్టంగా నిండుతుంది. మరి 8 కలిపితే? 1, 9, 17, మళ్లీ 1. త్రిభుజం ఒకటి వచ్చి అక్కడే ఆగిపోతుంది. 24ను 8 శేషం లేకుండా భాగిస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. జవాబు ముందే చెప్పకుండా వాళ్లనే వేసి చూడనివ్వండి. మా పెద్దాడు ఏ అంకెకు ఏ ఆకారం వస్తుందో పట్టిక రాసుకుని సాయంత్రమంతా కూర్చున్నాడు.

దీనికి సన్న ఊలు మంచిది, ఒక్క చక్రానికి నాలుగున్నర మీటర్లు ఉంచుకోండి. ఇంత పొడవు కాబట్టి మూత డబ్బా లోంచే లాగాలి, చిన్నవాళ్లు దగ్గర లేనప్పుడే చేయించాలి. అట్ట వంగుతోందంటే ఊలు బిగించి లాగుతున్నట్టు. విప్పి వదులుగా మళ్లీ వేస్తే సరిపోతుంది, ఊలుకేం కాదు.

పూర్తయిన బొమ్మను ఉంచడం

చేప వెనక వైపు తెల్ల కాగితం అంటించి, పిల్లలతోనే పేరు, తేదీ రాయించండి. గోడకు తగిలించాలంటే వెనక అట్టకే దారం ముడి టేప్‌తో అంటించాలి, ఊలు ఉన్న ముందు వైపు రంధ్రం చేస్తే వరసలు విడిపోతాయి. నేరుగా ఎండ పడే చోట వద్దు. రంగు వెలుస్తుంది, వేడికి జిగురు మెత్తబడి జారుతుంది. దుమ్ము పడితే మెత్తటి బ్రష్‌తో వరసల వెంటే దులపండి, అడ్డంగా దులిపితే పోగులు లేస్తాయి. మిగిలిపోయిన తుంపులను మూత ఉన్న సీసాలో వేసి ఉంచండి. వచ్చేసారి మధ్యలో మిగిలే ఆ సన్నటి సందు నింపడానికి అవే పనికొస్తాయి.